తెర మీద నరం

సార్ పోయారని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను తమిళనాడులో మా ధర్మపురి బస్టాండు బయట నిలబడి బజ్జీ తింటున్నాను. మెసేజ్ చదివాను. చేతిలో ఉన్న బజ్జీ పూర్తిగా తిని, ఇంకొకటి వేయమన్నాను, ఎందుకంటే ఆకలిగా ఉంది. అప్పటికే గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. 'మాకు వెలుగు చూపిన గురువు' అని ఒకడు పెట్టాడు. 'తండ్రి లాంటివారు' అని ఇంకొక అమ్మాయి. ఆ తండ్రి లాంటి మనిషి ఆ అమ్మాయిని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు. ఎవరినీ పిలవలేదు. ఆయనకు మేమందరం రోల్ నంబర్లం. నేను ముప్పైఏడు.

పోయిన మనిషిని తిట్టడం బాగుండదని మా అమ్మ అంటుంది. నేను ఆయన్ని బతికుండగానే, ఎదురుగా నిలబడి తిట్టాను కాబట్టి ఇందులో కొత్తగా దాచుకోవలసింది ఏమీ లేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే దానికీ ఒక కారణం ఉంది. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారే గాని చదివేవాళ్ళు లేరు. నేను కూడా హోసూరులో ఆస్పత్రి మెషిన్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాక, మా కంపెనీలో పనిచేసే ఒక కుప్పం అమ్మాయి దగ్గర ఈ అక్షరాలు దిద్దుకున్నాను. సార్‌కి కూడా ఇవి చదవడం రాదు. మాట్లాడడం మాత్రం వచ్చు. ఆ సంగతి మా గ్రూపులో నాకు తప్ప ఎవరికీ తెలియదు, అందుకే ఈ భాషలో రాస్తున్నాను.

మా కాలేజీ ధర్మపురి నుంచి తొప్పూరు పోయే దారిలో, హైవే పక్కన ఉంటుంది. అందులో బయోమెడికల్ విభాగానికి ఆయన పెద్ద. కత్తి పెట్టకుండా, ఎక్స్‌రే కూడా లేకుండా, ఉత్త వెలుగుతో ఒంటి లోపల ఏముందో చూడడం ఆయన చెప్పే పాఠం. మొదటి క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ ఆయన చేసేది ఒకటే. కిటికీలకు నల్ల పరదాలు లాగించేవాడు. చెప్పులు బయట విడిచి రమ్మనేవాడు. లైట్లన్నీ ఆర్పించి, జేబులోంచి చిన్న టార్చి తీసి, తన ఎడమ అరచేతి కింద పెట్టి వెలిగించేవాడు. చెయ్యంతా ఎర్రగా వెలిగేది.

"పచ్చ వెలుగునీ నీలం వెలుగునీ నెత్తురు మింగేస్తుంది. ఎరుపు ఒక్కటే తప్పించుకుని ఇవతలికి వస్తుంది. ఎరుపు కంటే ఇంకొంచెం అవతల, మన కంటికి కనబడని వెలుగు ఉంది. అది ఇంకా లోపలికి పోతుంది. నల్ల చర్మమా తెల్ల చర్మమా అని చూడదు" అనేవాడు తమిళంలో, నడుమ నడుమ ఇంగ్లీషు కలిపి. తర్వాత టార్చి ఆర్పేసి, చీకట్లోనే, ఏటా చెప్పే మాటే చెప్పేవాడు: "వెలుగు అబద్ధం చెప్పదు."

అబద్ధమెందుకు, ఆ రోజు నాకు ఒళ్ళు జలదరించింది. పదిహేడేళ్ళ పిల్లను. ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని ఫోను లైటు మీద వేళ్ళు పెట్టుకుని చూసుకున్నాను. మా నాన్న చూసి పిల్లకు దయ్యం పట్టిందనుకున్నాడు.

ఆయన ఎడమ చెయ్యి గురించి చెప్పాలి. తెల్లగా, మెత్తగా, ఒక్క మచ్చ లేకుండా ఉండేది. వాచీ కుడిచేతికి పెట్టుకునేవాడు, ఎడమచేతి మీద దాని అచ్చు పడకూడదని. టిఫిన్ డబ్బా, బండి తాళం, గొడుగు అన్నీ కుడిచేత్తోనే. ల్యాబులో ఏ కెమెరా పరీక్షించినా కింద పెట్టేది ఆ చెయ్యే. మా విభాగం వేసిన పోస్టర్లన్నింటిలో ఉన్నది ఆ చెయ్యే. ఒకసారి నేను నా చెయ్యి పెడతానన్నాను. ఆయన దానివైపు ఒక చూపు చూసి, "నీది వద్దు, ముప్పైఏడు. బాగా రాదు" అన్నాడు.

"ఆ వెలుగుకు నలుపూ తెలుపూ ఒకటే అన్నారు కదా సార్?"

"పోస్టర్లో పక్కన మామూలు ఫొటో కూడా పెట్టాలి కదా" అన్నాడు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. వెనకున్న మగపిల్లలు నవ్వారు. ఆ నవ్వుకి ఆయన మూతి చివర కొంచెం కదిలింది. ఆయన నవ్వేదంతా అంతే.

ఆయన తెలుగు నేను విన్నది మూడో సంవత్సరంలో. పరదాల వెనక చిన్న గదిలో బల్బులు వెతుక్కుంటున్నాను. ఆయన ల్యాబులోకి వచ్చి, ఎవరూ లేరనుకుని ఫోను ఎత్తాడు. "తిన్నానమ్మా. ఇడ్లీ తిన్నాను. లేదులే, సంగటి ఇక్కడ యాడ దొరుకుతాది? ఆవు ఈనినాదా? ఏమి దూడ?" అని మెల్లగా, ముద్దుగా మాట్లాడుతున్నాడు. అచ్చం మా ఇంటి మాట. నాకు సంతోషం పట్టలేదు. పరదా తప్పించుకుని బయటికి వచ్చి, "సార్, మీదీ మా మాటేనా? మీది ఏ ఊరు సార్?" అని తెలుగులోనే అడిగేశాను.

ఆయన ముఖం మాడిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని, తమిళంలో, "చాటుగా వినడం మీ ఊళ్ళో నేర్పించారా?" అన్నాడు. మరి ఆ తర్వాత నా రికార్డు బుక్కు ఎప్పుడూ మొదటిసారి పోగానే సంతకం కాలేదు. ఆయన ఊరు తొప్పూరు కనుమకు దిగువన అని, వాళ్ళ నాన్న ఆవులు కాసేవాడని తర్వాత నేనే వేరేవాళ్ళ ద్వారా తెలుసుకున్నాను. కాలేజీలో మాత్రం ఆయన సేలం పట్నం మనిషినని చెప్పుకునేవాడు.

ఆఖరి సంవత్సరం మా జట్టు చేసిన ప్రాజెక్టు ఒక పెట్టె. చిన్న కెమెరా ఒకటి కొని, దాని లోపల కనబడని వెలుగుని ఆపే గాజుపలకని పీకేశాం. చుట్టూ ఆ కనబడని వెలుగునిచ్చే చిన్న బల్బులు గుండ్రంగా అతికించాం. అతికించింది నేను, వేళ్ళు కాల్చుకున్నది నేను. పెట్టె కింద చెయ్యి పెడితే తెర మీద చర్మం తెల్లగా, నరాలు నల్లగా కనబడతాయి, ఎందుకంటే నరంలో ఉన్న నెత్తురు ఆ వెలుగుని కొంత పీల్చుకుంటుంది. సూది ఎక్కడ పొడవాలో నర్సుకి సులువుగా తెలుస్తుంది. ఆయుధపూజ రోజు ఆయన ఆ పెట్టెకి స్వయంగా గంధం, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, "నా పెట్టె" అన్నాడు. అప్పటినుంచి అది ఆయన పెట్టె.

దాన్ని పల్లెలో జనం మీద చూపించాలని, పేపర్లో రావాలని ఆయనకు ఆరాటం. మా ఊరు వెల్లిచందైలో క్యాంపు పెడదామన్నాడు. నేను ఎగిరి గంతేశాను, మా అత్త కోసం.

అత్త అంటే మా నాన్నకు అక్క. మా పక్కిల్లే. నాలుగు మేకలు, ఒక టమాటా మడి, నోరు, ఇవి ఆమె ఆస్తి. ఆమెకు చక్కెర జబ్బు. కుడికాలి బొటనవేలు పక్కన ముల్లు దిగి పుండు పడింది, మానడం లేదు. దాన్ని కోసి శుభ్రం చేయాలి, అంతకుముందు నెత్తురు తీసి పరీక్షలు చేయాలి అన్నాడు ధర్మపురి డాక్టరు. పుండు కొయ్యడానికి అత్తకు భయం లేదు. సూదికే భయం. సూది పేరెత్తితే చాలు, "బతుకులో ఒకసారి పొడిపించుకున్నాను, నాకింక వేండా" అని లేచిపోయేది.

ఆ ఒక్కసారి అంటే పచ్చబొట్టు. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు పచ్చ పొడిచే ఆమె ఊళ్ళోకి వస్తే, అత్తనీ ఆమె చెల్లెలినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి చేతులూ ఆనించి, ఒకే తీగ పొడిపించారట. తీగ అత్త మోచేతి దగ్గర మొదలై, కొమ్మలు వేసుకుంటూ మణికట్టు దాకా వచ్చి, అక్కడినుంచి చెల్లెలి చేతి మీదికి పాకేది. చెల్లెలు పెళ్ళి కాకముందే జ్వరంతో పోయింది. అత్త చేతి మీద సగం తీగ మిగిలింది. అదీ ఎండకు కమిలిన నల్లటి చర్మంలో కలిసిపోయి, ఉందని తెలిసినవాళ్ళు వెతికితే తప్ప కనబడదు.

సార్‌కి అత్త సంగతంతా చెప్పాను. ఆయన నా ముఖం వైపు చూసి, "ఒక్క పోటు. రెండోది ఉండదు. తీసుకురా" అన్నాడు. ఆ మాటే నేను అత్తకు చెప్పాను. అత్త రెండు వారాలు ఆలోచించి, "ఒకటే గదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, ఒప్పుకుంది.

క్యాంపు మా ఊరి బడిలో. ఒక ప్రైవేటు ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. కాలేజీ కరెస్పాండెంటు వచ్చాడు. మా వైపు కాలేజీ యజమానిని అలాగే అంటారు. పేపరాయన కెమెరాతో వచ్చాడు. మొదటి మనిషి మా అత్తే. కొత్త చీర కట్టుకుని, కాలికి గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ వచ్చి కూర్చుంది. చెయ్యి పెట్టె కింద పెట్టింది.

తెర మీద వచ్చింది చూసి అందరం నోళ్ళు తెరిచాం. అప్పటిదాకా ఏ చేతి మీదా అంత నల్లగా, అంత స్పష్టంగా నరం కనబడలేదు, సార్ ఎడమ చేతి మీద కూడా. మోచేతినుంచి మణికట్టు దాకా కొమ్మలు వేసుకుంటూ దిగింది.

"చూడండి సార్, ఎలా ఉందో! హైవే లాగా!" అన్నాడు మా సార్ కరెస్పాండెంటుతో. పేపరాయన ఫొటో తీశాడు.

నర్సమ్మ మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, అలవాటు కొద్దీ అత్త చేతిని వేలితో తడిమి చూడబోయింది. సార్ ఆమెను ఆపేశాడు. "చేతిని చూడొద్దమ్మా, తెరని చూడు. అందుకే కదా ఇది చేసింది." నర్సమ్మ తెర చూస్తూ పొడిచింది. నెత్తురు రాలేదు.

అత్త పళ్ళు బిగించి కూర్చుంది. సార్ తెర మీద ఇంకొక కొమ్మ దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ పొడు" అన్నాడు. అప్పుడు అత్త తలెత్తి మొదటిసారి తెర వైపు చూసింది. చూసి, "ఓ అయ్యా, అది నరము కాదు సామీ. అది నా పచ్చబొట్టు. తీగ అది" అంది.

నాకు అప్పుడు వెలిగింది. పచ్చబొట్టు దీపం మసితో పొడుస్తారు. మసి ఏ వెలుగునైనా మింగేస్తుంది. అత్త నలుపు ఆ వెలుగుకి అడ్డం రాలేదు, కాబట్టి లోపలున్న మసి నిన్ననే పొడిచినట్టు కనబడుతోంది. "సార్, అది టాటూ సార్!" అని తమిళంలో అరిచాను.

"ముప్పైఏడు, నువ్వు లాప్‌టాప్ చూసుకో" అన్నాడు ఆయన. తర్వాత అత్త వైపు చూపించి, "ఏమంటోంది ఈమె?" అని అడిగాడు. తమిళంలో అడిగాడు. తల్లితో సంగటి గురించి, దూడ గురించి ఆ భాషలో గంటసేపు మాట్లాడే మనిషి, ఏమీ అర్థం కానట్టు నుదురు చిట్లించి మరీ అడిగాడు.

రెండో పోటు పొడిచారు. నెత్తురు లేదు. "చెయ్యి కదిలిస్తోంది, గట్టిగా పట్టుకోండి" అన్నాడు. ఇద్దరు పిల్లలు వచ్చి అత్త చెయ్యి పట్టుకున్నారు. నేను వాళ్ళను లాగబోతే కరెస్పాండెంటు నా వైపు ఒక చూపు చూశాడు. సార్ మూడోసారి వేలు పెట్టాడు. ఈసారి సూది ఎక్కడికో పోయి, చర్మం కింద నెత్తురు ఊరి, చెయ్యి కోడిగుడ్డంత ఉబ్బింది. అత్త అరవలేదు. చేతిని విదిలించుకుని లేచి, కొంగు చుట్టుకుని, బడి గేటు దాటి వెళ్ళిపోయింది. పోతూ నాతో, "ఒకటే అంటివే పాపా" అంది.

ఇక ఆమెను ఏ ఆస్పత్రికీ తీసుకుపోలేకపోయాను. ఏడ్చాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను, మా నాన్న చేత చెప్పించాను. పుండు మీద పసుపూ వేపాకూ పెట్టుకుని గుడ్డ కట్టుకునేది. వేలు నల్లబడింది. పాదం నల్లబడింది. వాసన వచ్చి, జ్వరంతో తెలివి తప్పాక, అడ్డం చెప్పే స్థితిలో లేదు కాబట్టి ఎత్తుకుపోయాం. పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేసి ప్రాణం నిలబెట్టారు. అక్కడ నర్సమ్మ చేతిని తడిమి చూసి, నరం ఇక్కడుందని, ఒక్క పోటుకే పట్టుకుంది. అప్పుడు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఈలోగా మా సార్ ఏం చేశాడంటే, ఆ రోజు పెట్టె తీసిన ఫొటోని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, విభాగం వరండాలో తగిలించాడు. కింద ఇత్తడి పలక మీద ఇంగ్లీషులో, 'గ్రామీణ మహిళ ముంజేతి సిరలు' అని. తనిఖీకి వచ్చిన పెద్దలందరూ దాని ముందు నిలబడి ఆహా అన్నారు. ఆయన ఎడమ చెయ్యి పోస్టర్లు కూడా దాని ముందు వెలవెలబోయాయి, తీసేశారు.

అత్త ఇంటికి వచ్చాక నేను కాలేజీకి పోయాను. అప్పటికి నా చదువు అయిపోయింది, నన్ను ఆయన చేసేదేమీ లేదు. ఆయన గదిలోకి పోయి, కూర్చోమనకుండానే కూర్చుని, తెలుగులో, "మా అత్తకి కాలు తీసేసినారు సార్" అన్నాను.

ఆయన లేచాడు. బయటికి పొమ్మంటాడనుకున్నాను. పోయి తలుపు మూసి, వచ్చి కూర్చుని, తెలుగులో అడిగాడు. "ఏ కాలు?"

"కుడి కాలు. మోకాలి కింద నుంచి."

ఆయన ముందున్న కాగితాలను పక్కకు జరిపాడు.

"అది పచ్చబొట్టు సార్. ఆయమ్మ అప్పుడే చెప్పింది. నేనూ చెప్పినాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసె?"

"రెండో పోటప్పుడు. ఆయమ్మ చెప్పినాక చూసినాను. మా అమ్మ చేతికీ అట్లాంటి తీగే ఉండాది."

"తెలిసీ మూడోది ఎందుకు పొడిపించినారు?" అన్నాను.

"కరెస్పాండెంటు పక్కనే నిలబడి ఉండె. పేపరాయన ఫొటో తీస్తా ఉండె. నరము కాదు, పచ్చబొట్టు అని అప్పుడు ఎట్ల చెప్పేది? నువ్వే చెప్పు." నిజంగా నేను చెప్తానని ఎదురుచూస్తున్నట్టు నా ముఖం వైపు చూశాడు.

అప్పుడు తిట్టాను. మేకలు చేనులో పడితే మా అత్త తిట్టే తిట్లు ఉంటాయి, వాటిలో ఒక్కటీ వదలకుండా, ఆయన తల్లి మాటలోనే, ఆయనకు ప్రతి ముక్కా అర్థమయ్యేలా తిట్టాను. ఆయన తలొంచుకుని విన్నాడు. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి, కర్చీఫుతో నిదానంగా తుడుచుకుని, పెట్టుకున్నాడు. తలుపు అద్దంలోంచి వరండా గోడ కనబడుతోంది. అటు చూస్తూ, "ఏమైనా గాని, ఫొటో మాత్రం రొంబ బాగా వచ్చింది" అన్నాడు.

ఆ ఫొటో ఇంకా అక్కడే ఉంది. నిన్న గ్రూపులో ఎవరో సార్ దాని ముందు నిలబడి ఉన్న బొమ్మనే పెట్టి దండ గుర్తు తగిలించారు. నేను ఏమీ రాయలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను, ఎందుకని అడిగిన ఇద్దరికి కారణం కూడా చెప్పాను. ఒకతె నమ్మింది.

ఆ సాయంత్రం వెల్లిచందై పోయాను. అత్త అరుగు మీద కూర్చుని మేకలకు అవిసాకు అందిస్తోంది. కట్టెకాలు గోడకు ఆనించి ఉంది. అది ఒరుసుకుంటుందని ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకోదు.

"ఆ పెట్టె సార్ పోయినాడంట అత్తా."

"ఏమయ్యె?"

"కిడ్నీలు చెడిపోయినాయంట. శానా దినాలు ఆస్పత్రిలోనే ఉండినాడంట."

అత్త ఆకు అందించడం ఆపలేదు. ఒక మేక ఇంకొకదాన్ని నెట్టేస్తే దాని మూతి మీద ఒకటి వేసింది.

"సూదులు పొడిచుంటారే?"

"పొడవకుండా ఉంటారా? దినమూ పొడిచుంటారు."

"నరము దొరికిందంటనా?"

"నాకు తెలీదత్తా."

"కనుక్కో" అంది అత్త.